సిద్ధాంతము – దైనందిన సుఖము

సుఖం కోరని ప్రాణి లోకంలో లేదు. తనకు ఆపదలే కలుగుగాక అని కోరిన కుంతీదేవి భాగవతంలో కనబడుతుంది. కాని ఆ తల్లి త్రోవ వేరు. ఆపదలో స్వామి దర్శనం అవుతున్నది గనుక ఆపదే మేలని ఆమె లెక్క. మనవంటి సంసారులకు అంత గుండె లేదు. మనకు సుఖమే కావాలి. అది కూడ పరలోకంలో మాత్రమే కాదు, ఈ ఊరిలో, ఈ ఇంట్లో, ఈ పూట కావాలి.

గత ధనుర్మాసంలో సికింద్రాబాదులో మా పేట కోవెలలో తిరుప్పావై ప్రవచనం ముగిసిన తరువాత ఒక గృహిణి ప్రసాదం దొన్నె చేతిలో పట్టుకొని నిలబడి నన్నొక ప్రశ్న అడిగింది. “స్వామీ! అద్వైతమని, విశిష్టాద్వైతమని, ద్వైతమని మీరు చెబుతుంటే నెలరోజులుగా వింటున్నాను. వీటిలో ఏది నమ్మితే మనిషి ఇంట్లో సంతోషంగా ఉంటాడు? ఇవన్నీ తెలిసినవారు మాకంటే సంతోషంగా ఉన్నారా?” ఆమె ఎగతాళికి అడగలేదు. రోజూ వెనుక వరుసలో కూర్చుని, పిల్లల కారియర్లు సర్దాలని ప్రవచనం ముగియకముందే లేచిపోయే మనిషి. ఆ రోజు ఆదివారం గావున నిలిచి అడగగలిగింది.

నేను అప్పుడు తైత్తిరీయోపనిషత్తు తీసి సమాధానం చెప్పాను. ఆ సమాధానంలో తప్పు లేదు. అయినా ఇంటికి వచ్చిన తరువాత అది చాలలేదని తోచింది. ఎందుకు చాలలేదో ఇక్కడ విన్నవించుకుంటాను.

ఆ ఉపనిషత్తులోని ఆనందవల్లిలో ఆనందానికి కొలత కట్టారు. సత్ప్రవర్తన, విద్య, దేహబలం కల ఒక యువకుణ్ణి తీసుకొని, సంపదతో నిండిన ఈ భూమి యావత్తు అతనిదే అనుకొమ్మన్నారు. అతని ఆనందం ఒక పాలు. దానికి నూరు రెట్లు మనుష్యగంధర్వులది. దానికి నూరు రెట్లు దేవగంధర్వులది. ఈ విధంగా పితృదేవతలు, దేవతలలోని తరగతులు, ఇంద్రుడు, బృహస్పతి, ప్రజాపతి అనే మెట్లు ఎక్కి బ్రహ్మను చేరేసరికి పది మార్లు నూరుతో హెచ్చవేసినట్లు అవుతుంది. అనగా ఒకటి పక్కన 20 సున్నలు. పాఠం చెప్పే రోజులలో ఒకసారి ఈ లెక్క నల్లబల్ల మీద వేస్తే సున్నలకు చోటు చాలక రెండవ వరుసకు దిగినవి. మొదటి పాలుకే యౌవనం, బలం, భూమండలం కావలసి ఉండగా, మోకాళ్ళ నొప్పులతో అద్దె ఇంట్లో ఉన్నవాని గతి ఏమిటని ఎవరికైనా అనిపిస్తుంది. అందుకే కాబోలు, రెండవ మెట్టు మొదలుకొని ప్రతి మెట్టు దగ్గరా ఉపనిషత్తు మరొక మాట కలుపుతున్నది. వేదం తెలిసి, కోరికల దెబ్బ తగలని వానికి కూడ అదే ఆనందం కలదట. అట్టివానికి అకామహతుడని పేరు.

ఆనాటి విద్యార్థులలో ఒక చురుకైనవాడు, “శ్రోత్రియులైతే మీరు అయ్యే ఉన్నారు గదా గురువుగారూ, మీ ఆనందం ఎన్నవ మెట్టు?” అని అడిగాడు. అప్పటికి మూడు నెలలుగా మాకు జీతాలు రాలేదు. “మొదటి మెట్టు కింద, చెప్పులు విడిచే చోట ఉన్నాను నాయనా” అన్నాను. అందరమూ నవ్వుకున్నాం. ఆ గృహిణి అడిగిన ప్రశ్న, ఆ పిల్లవాడు అడిగిన ప్రశ్న ఒక్కటేనని ఇప్పుడు తెలుస్తున్నది. అప్పుడు నవ్వి తప్పించుకున్నాను.

ఈ ఆనందవల్లి మీదనే మన ఆచార్యులు విడిపోయారు. బ్రహ్మసూత్రాలలో ఆనందమయాధికరణం ప్రసిద్ధమైనది. ఉపనిషత్తు చెప్పిన ఆనందమయుడు ఎవరు? శంకర భగవత్పాదుల సిద్ధాంతంలో అది కూడ ఆత్మను కప్పే ఒక కోశమే. దానికి ఆధారమై ఉన్నదే బ్రహ్మం. భగవద్రామానుజుల శ్రీభాష్యంలో ఆనందమయుడు సాక్షాత్తు పరమాత్మయే. ఆనందం ఆయనది, మనం ఆయనవారం గనుక అది మనకు అందుతుంది. మధ్వాచార్యుల మతంలోనూ ఆనందమయుడు శ్రీమహావిష్ణువే. అయితే ముక్తిలో కూడ జీవుల ఆనందంలో తారతమ్యం ఉన్నదని వారు అంటారు. చిన్న చెంబు, పెద్ద బిందె రెండూ అంచు దాకా నిండినవే గనుక ఒకదాన్ని చూచి మరొకటి అసూయపడదు. పక్కింటివారు కారు కొన్నారని నిద్రపట్టని మనకు ఈ తారతమ్యవాదం మంచి మందు. కాని మందు సీసా బీరువాలో ఉన్నంత మాత్రాన రోగం పోదు.

సంవత్సరాల తరబడి నేను చూచింది ఇదే. పద్మారావునగర్ పార్కులో సాయంకాలం మేము ముగ్గురం ఒకే బెంచీ మీద కూర్చుంటాం. ఒకరు రైల్వేలో పని చేసి విశ్రాంతి తీసుకున్నవారు, అద్వైతి. ఒకరు బ్యాంకు ఉద్యోగం చేసినవారు, మాధ్వులు. మూడవవాణ్ణి నేను. వాదం మొదలైతే దీపాలు వెలిగేదాకా ఆగదు. జగత్తు మిథ్య అని నిరూపించిన మిత్రుడు లేచేటప్పుడు తన గొడుగు ఎవరో మార్చుకొని పోయారని విచారిస్తారు. అంతా శ్రీహరి సంకల్పం అన్న మిత్రుడు డి.ఎ. ఎంత పెరిగిందని అడుగుతారు. సర్వమూ స్వామి సొత్తు అని చెప్పే నేను, నా కోశ గ్రంథం తీసుకొని వెళ్ళి తిరిగి ఇవ్వనివాణ్ణి పదేళ్ళుగా మరువలేదు. ముగ్గురి సిద్ధాంతాలూ బెంచీ మీద ఉండగా బాగానే ఉంటవి. వాటిని ఇంటికి మోసుకొని పోవడంలోనే వస్తున్నది చిక్కు.

సిద్ధాంతాన్ని ఇంటికి కాదు, చెరసాలకు మోసుకొని పోయినవారు మా ఊరికి దగ్గరలోనే ఉన్నారు. సికింద్రాబాదుకు ఆ పేరు 1806లో సికందర్ జా పేరు మీద వచ్చింది గాని, గోల్కొండ దుర్గం కథ అంతకంటె చాలా పాతది. ఆ దుర్గం చరిత్రలో ఇద్దరు బందీలు కనబడతారు. ఒకరు అందరికీ తెలిసిన కంచర్ల గోపన్నగారు, మన భద్రాచల రామదాసు. రెండవవాడు ఆయనను బంధించిన ప్రభువే, అబుల్ హసన్ తానీషా.

తానీషా కథ ముందు చెబుతాను. అది తక్కువమందికి తెలుసు. ఆయన పుట్టుకతో యువరాజు కాడు. షా రాజు అనే సూఫీ గురువు ఆశ్రమంలో ఫకీరు జీవితం గడిపినవాడు. అబ్దుల్లా కుతుబ్ షా కుమార్తెతో వివాహం కావడంతో దశ తిరిగి, 1672లో గోల్కొండ సింహాసనం ఎక్కాడు. అక్కన్న మాదన్నలు ఆయన మంత్రులు. 1687లో ఔరంగజేబు సైన్యం గోల్కొండను నెలల తరబడి ముట్టడించింది. చివరికి లోపలివారే ఒకరు ద్వారం తెరవగా కోట పడిపోయింది. మొగలు సేనాపతులు అంతఃపురం వరకు వచ్చారు. తరువాతి సంగతి ఖాఫీఖాన్ అనే మొగలు చరిత్రకారుడు వ్రాశాడు. తానీషా అంతఃపుర స్త్రీలను ఓదార్చి వచ్చి ఆసనం మీద కూర్చున్నాడు. భోజనం వేళ అయినది. వడ్డించమన్నాడు. వచ్చిన సేనాపతులను కూడ భోజనానికి పిలిచాడు. ఇటువంటి సమయంలో అన్నం ఎట్లా సయిస్తున్నదని వారు ఆశ్చర్యపడితే, ఇది నేను రోజూ తినే వేళ అన్నాడట. తనకు మొదట బీదతనం ఇచ్చినవాడు, తరువాత అడగకుండానే రాజ్యం ఇచ్చినవాడు, ఇప్పుడు దాన్ని తీసుకుంటున్నవాడు ఒక్కడే దేవుడని, ఆయన మీద తనకు నమ్మకం ఉన్నదని చెప్పాడట. పిదప ఆయనను దౌలతాబాదు కోటకు తీసుకొనిపోయారు. మరణించేదాకా అక్కడే బందీగా ఉన్నాడు.

మన సంప్రదాయం వాడు కాడని ఈ ధైర్యాన్ని తక్కువ చేసి చెప్పడం ధర్మం కాదు. సూఫీల పరిభాషలో తవక్కుల్ అనే మాట ఉన్నది. భారం దేవునిపై వేసి ఉండడం అని దాని భావం. మన భరన్యాసానికి అది దగ్గరి చుట్టం. గురువు దగ్గర నేర్చిన ఆ మాట, రాజ్యం పోతున్న పూట విస్తరి ముందు ఆయనకు పనికి వచ్చింది. సిద్ధాంతం దినచర్యలో కలిసిపోవడమంటే ఇదే.

ఇక రామదాసుగారు. నేలకొండపల్లిలో పుట్టి, పాల్వంచ తహసీలుదారై, సర్కారుకు చేరవలసిన శిస్తు సొమ్ముతో భద్రగిరి మీద రామునికి కోవెల కట్టించి, నగలు చేయించి, అందుకై గోల్కొండలో బందీ అయినారు. పన్నెండేళ్ళు అని మన వాడుక. కోటలో ఆయన బందిఖానా అని చూపే గదిలో గోడమీద చెక్కిన మూర్తులు ఉన్నవి. అవి ఆయన చేతి పనియే అని చెబుతారు. ఆ గదిలో ఆయన తానీషా వలె ప్రశాంతంగా కూర్చున్నారా? లేదు. ఏడ్చారు. రాముణ్ణి నిలదీశారు. ఏ నగకు ఎంత ఖర్చయినదో పద్దు విప్పి లెక్క చెప్పారు. ఎవడబ్బ సొమ్మని అడిగినంత పని చేశారు. ఆ వెంటనే, దెబ్బల బాధకు తాళలేక అన్నానని క్షమాపణ కోరారు. తనను గురించి ఏకాంత సమయంలో స్వామికి చెప్పమని సీతమ్మను బ్రతిమాలుకున్నారు.

సంతోషమంటే కలత లేకపోవడం అనే కొలబద్దతో కొలిస్తే, ఇద్దరిలో నెగ్గినవాడు తానీషా. ఇది ఒప్పుకొనక తప్పదు. మరి ప్రపత్తి చేసినవాడు నిర్భరుడై ఉండాలని కదా మన ఆచార్యుల మాట! భారం అప్పగించిన తరువాత మరల దిగులెందుకు? రామదాసుగారికి విశ్వాసం తక్కువైనదా?

నేను ముప్పయి ఏళ్ళకు పైగా ఈ ప్రశ్నకు ఒక సులువైన సమాధానం చెబుతూ వచ్చాను. అవి నిందాస్తుతులు, నింద పైకి మాత్రమే, లోపల ఉన్నది స్తోత్రం అని. అలంకారశాస్త్రంలో వ్యాజస్తుతి లక్షణం చెప్పి, ఆ కీర్తనలు అందుకు ఉదాహరణలని చూపి, పాఠం ముగించేవాణ్ణి. విద్యార్థులు వ్రాసుకునేవారు. పరీక్షలో అదే వ్రాస్తే మార్కులు వేసేవాణ్ణి.

నాలుగేళ్ళ క్రిందట నా సహధర్మచారిణి పరమపదించింది. మూత్రపిండాల వ్యాధి. వారానికి మూడుసార్లు చొప్పున పధ్నాలుగు నెలలు డయాలిసిస్ చేయించాం. ఆమె మంచం పక్కన కూర్చొని నేను శరణాగతి గద్యం అనుసంధానం చేస్తుండేవాణ్ణి. ఒక రోజు ఆమె, “అది స్వామికి వచ్చు. మీరు కాసేపు నాతో మాట్లాడండి” అన్నది. ఏమి మాట్లాడాలో నాకు తోచలేదు. భాష్యం చెప్పడం తప్ప ఇంట్లో మాట్లాడడం నాకు అలవాటు కాలేదు. ఆ సంగతి తలచుకుంటే ఈనాటికీ సిగ్గుగానే ఉంటుంది.

ఆశౌచం రోజులలో మా సాలగ్రామ మూర్తులు దాయాదుల ఇంట ఆరాధన అందుకున్నవి. శుభస్వీకారం అయిన మరునాడు మా పినతండ్రి కుమారుడు పెట్టెతో వచ్చి, మందిరంలో వేంచేపు చేసి వెళ్ళిపోయాడు. పిల్లలు దూరదేశంలో ఉన్నవారు, సెలవు అయిపోయి బయలుదేరారు. ఇల్లు నిశ్శబ్దమైంది. నేను స్నానం చేసి, తిరుమణి శ్రీచూర్ణాలు ధరించి, మందిరం ముందు కూర్చున్నాను. నోట మంత్రం రాలేదు. కోపం వచ్చింది. పధ్నాలుగు నెలలు నేను అడిగింది ఒక్కటే, అదీ నువ్వు ఇవ్వలేదు. నలభై ఏళ్ళు ఆమె నీకు తళిగ చేసింది, ఒక్క పూట తప్పలేదు. దానికి నువ్వు పెట్టిన లెక్క ఇదా? ఇట్టి మాటలు పైకే అన్నాను. ఇంట్లో ఎవరూ లేరు గనుక గట్టిగానే అన్నాను. అన్న తరువాత భయం వేసింది. ఇన్నేళ్ళ చదువు ఏమైనదని ఏవగింపు కలిగింది.

అప్పుడు రామదాసుగారు గుర్తుకు వచ్చారు. ఆయన పద్దులు వ్యాజస్తుతి కాదు. అవి నిజమైన పద్దులే. ఆ కోపం కోపమే, ఆ క్షమాపణ క్షమాపణే. ఇన్నేళ్ళు నేను అలంకారం పేరుతో ఆయన నోరు మూయించాను. నా దగ్గర చదువుకున్నవారు ఎవరైనా ఇది చదివితే, ఆ పాఠం దిద్దుకోవలసిందిగా కోరుతున్నాను.

కోపం వచ్చిన మాట నిజమే. కాని సూర్యుడు నడినెత్తికి వస్తున్నాడు. పదిహేను రోజుల తరువాత స్వామి ఇంటికి వేంచేశారు, ఆరగింపు కాలేదు. నాకు ఆకలి లేదు. నాకోసమైతే పొయ్యి వెలిగించేవాణ్ణి కాదు. నాలుగు అటుకులు నోట్లో వేసుకొని పడుకునేవాణ్ణి. కాని మన ఇళ్ళలో వంట మనకోసం కాదు గదా! దాని పేరే వేరు. అది తళిగ. స్వామి ఆరగించిన తరువాత మిగిలింది మనది. ఎంత కోపం ఉన్నా ఇంటికి వచ్చిన పెద్దను పస్తు పెట్టడం చెల్లదు. లేచి వంటింటిలోకి పోయాను.

పోయిన తరువాత తెలిసింది, నాకు వంట రాదని. మునగకాయ నివేదనకు ఎందుకు పనికిరాదో ప్రమాణాలతో చెప్పగలను. అన్నం ఉడికినదో లేదో చెప్పలేను. ఆ రోజు అడుగున మాడింది, పైన పలుకుగా ఉన్నది. మధ్యలో ఉన్నంత తీసి, నెయ్యి అభిఘారం చేసి, మందిరంలో ఉంచి తెర వేశాను. ఇంతకంటె నాకు చేతకాదు, ఆమె ఉంటే బాగుండేది, ఆ విషయం నీకూ తెలుసు అని విన్నవించుకున్నాను. అది ఏ ఆరాధనక్రమంలోనూ లేని మంత్రం. తరువాత ఆ ప్రసాదం తిన్నాను. బాగా లేదు. అయినా ప్రసాదం గనుక పారవేయడానికి వీలులేదు, మొత్తం తిన్నాను.

ఆ కోపం నన్ను స్వామికి దూరం చేయలేదు. ఎవరో కాని వారి మీద మనిషి అంత చనువుగా కోపగించుకోడు. పిళ్ళైలోకాచార్యులవారు జీవునికి పరమాత్మతో తొమ్మిది విధాల సంబంధం ఉన్నదని చెప్పారు. తండ్రి, రక్షకుడు, శేషి, భర్త, స్వామి ఇత్యాదిగా. తొమ్మిదింటిలో ఏ ఒక్కటీ మాటామంతీ లేని సంబంధం కాదు. రామదాసుగారు సీతమ్మను ఆశ్రయించి చెప్పమనడం మన సంప్రదాయంలో పురుషకారం. అమ్మ ద్వారా నాన్నకు చెప్పించుకోవడం ప్రతి ఇంటి పిల్లలకూ తెలిసిన విద్యే. ప్రపన్నుని స్థితికి మన పెద్దలు మార్జాల కిశోర న్యాయం చెబుతారు. తల్లి పిల్లి నోట కరచుకొని పోతుంటే పిల్లి పిల్ల తన ప్రయత్నం ఏమీ చేయదు. నిజమే. కాని అది అరవదని ఎవరూ చెప్పలేదు. మా పెరటి గోడమీద చూచాను, ఒకచోట నుండి మరొకచోటికి చేర్చేదాకా అరుస్తూనే ఉంటుంది. తల్లి విసుగుకొనదు, వదలిపెట్టదు. నిర్భరుడై ఉండాలన్న ఆచార్యుల మాటకు ఈ అరుపు విరోధం కాదని నాకు తోస్తున్నది. భారం మోసేది తానే అనుకున్నవాడు పళ్ళు బిగించుకొని ఊరకుంటాడు. మోసేవారు వేరే ఉన్నారని తెలిసినవానికే గదా కేక వేయాలనిపించేది! పెద్దలు దీనిలో దోషం చూస్తే సవరించగలరు.

పార్కు బెంచీ మీది అద్వైతి మిత్రుని సంగతి కూడ చెప్పకపోతే అన్యాయం అవుతుంది. సుఖదుఃఖాలు అంతఃకరణానివి, ఆత్మవి కావు అని ఆయన నాతో వందసార్లు వాదించి ఉంటారు. ఆ నెలరోజులు ఒక్కసారి కూడ ఆ మాట ఎత్తలేదు. మా ఆచారం ఆయనకు తెలుసు. వండినవి తెస్తే నేను తీసుకోనని తెలుసు. అందుచేత రోజూ ఉదయం పాలు, కడిగిన కూరగాయలు గుమ్మం దగ్గర పెట్టి, తలుపు తట్టి, నేను తీసేలోపల మెట్లు దిగి వెళ్ళిపోయేవారు. తరువాత ఒకనాడు, “ఎందుకండీ అంత శ్రమపడ్డారు?” అని అడిగాను. “మీరు వేరు, నేను వేరు అనుకుంటే గదా అడగవలసింది” అన్నారు. శ్రీభాష్యంలో ఆయన మతానికి ఎన్ని ఖండనలు ఉన్నవో నాకు తెలుసు. ఆ రోజు ఒక్కటీ గుర్తు రాలేదు.

నెల గడిచింది. వంట కొంచెం పట్టుబడింది. ఒక రోజు పొంగలికి నేతిలో మిరియాలు, జీలకర్ర వేయించుతుంటే ఆ వాసనకు కడుపులో ఆకలి కదిలింది. చాలా రోజుల తరువాత కలిగిన ఆకలి. తెర తీసేదాకా ఆగడం కష్టమైంది. ఇది ఉపనిషత్తు లెక్కలో ఎన్నవ మెట్టుకూ రాదు. భూమండలం నిండిన సంపద కాదు, యౌవనం కాదు. గిన్నెడు పొంగలి. దుఃఖం ఎక్కడికీ పోలేదు, మందిరం పక్కన ఆమె కూర్చునే పీట ఖాళీగానే ఉన్నది. అయినా ఆ పూట నేను సంతోషంగా తిన్నాను. తానీషా విస్తరి ముందు కూర్చున్న సంగతి అప్పుడే నాకు తలపుకు వచ్చింది. ఆయన తనకు ఇచ్చేవాడు ఒకడున్నాడని తిన్నాడు. నేను నాతో కూడ తినేవాడు ఒకడున్నాడని వండాను. కోపంలో నేను ఆయనకు పొయ్యి వెలిగించకపోయి ఉంటే నేనే ఏమయ్యేవాణ్ణో చెప్పలేను.

మొన్న శీతకాలంలో మా అద్వైతి మిత్రుడూ నేనూ గోల్కొండకు వెళ్ళాం. మెట్లు ఎక్కడం ఇద్దరికీ కష్టమే. రామదాసుగారి బందిఖానాలో పైకప్పులోని రంధ్రం గుండా వెలుతురు పడుతున్నది. పాఠశాల పిల్లలు వరుసగా వచ్చి చూచి పోతున్నారు. ఒక పిల్లవాడు వాళ్ళ పంతులమ్మను, “పన్నెండేళ్ళు ఈయన ఏం చేశాడు టీచర్?” అని అడిగాడు. ఆమె, “పాటలు పాడుకున్నాడు” అన్నది. మిత్రుడు నా వైపు చూచారు. నేను నోరు విప్పితే అది గంట పాఠం అవుతుందని ఆయనకు తెలుసు. నేనేమీ అనలేదు. దిగేటప్పుడు ఒక మెట్టు మీద కూర్చున్నాం. నేను ఇంటి నుండి తెచ్చిన పులిహోర ప్రసాదం ఆయనకు పెట్టాను. ఆయనకు మా ఇంటి ప్రసాదానికి అభ్యంతరం లేదు. ఉప్పు తక్కువైనదని మాత్రం అన్నారు.

కోవెలలో ప్రశ్న అడిగిన ఆ తల్లికి నేను ఆ రోజు 20 సున్నల లెక్క చెప్పి పంపాను. ఆమె శ్రద్ధగా విని, నమస్కరించి, దొన్నె కొంగుచాటున పెట్టుకొని వెళ్ళింది. ఈ వంటింటి సంగతి చెప్పలేదు. పదిమందిలో చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. వారి ఇంటికి ఈ పత్రిక వస్తుందని మా అర్చకస్వామి చెప్పగా ఇది వ్రాశాను.